సీటు వచ్చిన తరువాత
(సంఘం వార్షిక సభలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



విద్యా కమిటీ వాళ్లు మైకు ముందుకు వస్తే ఏం చదువుతారో మీకు తెలుసు. ఎందరికి సీట్లు వచ్చాయి, ఎందరికి ఫీజు కట్టాం, చేతిలో ఎంత మిగిలింది. ఆ లెక్క ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఆడిటర్ గారి సంతకంతో సహా ఉంది. అందుకని ఈ పూట మాకిచ్చిన సమయమంతా ఒక చిన్న మాట మీద ఖర్చు పెడతాం. ఆ మాట "బోర్".

నవ్వకండి. ఆదివారం అసర్ తరువాత మా ఆఫీసులో కూర్చుంటే ఎక్కువగా వినబడే మాట అదే. "భాయ్ సాబ్, మావాడు కాలేజీకి పోనంటున్నాడు. ఏమైందిరా అంటే బోర్ అబ్బా అంటాడు. నేను ఎండలో తోపుడుబండి తోస్తుంటే నాకు రాని బోరు నీడన కూర్చునేవాడికి ఎందుకొచ్చింది?" అని ఒక తండ్రి అడిగాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. కానీ అబ్బాయిని విడిగా కూర్చోబెట్టి, ఒక చాయ్ ఇప్పించి, తొందర పెట్టకుండా మాట్లాడితే ఆ ఒక్క మాట కింద చాలా సంగతులు బయటపడతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా బయటపడేది, పాఠం అర్థం కావడం లేదని. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివిన పిల్లవాడు ఇంటర్లో బట్టీ పట్టి గట్టెక్కుతాడు. బీటెక్ మొదటి ఏడాది ఇంగ్లీషులో మ్యాథమెటిక్స్ మొదలవుతుంది. లెక్చరర్ బోర్డు నింపి, చెరిపి, మళ్లీ నింపి వెళ్లిపోతాడు. "అర్థం కాలేదు సార్" అనడం నామోషీ. "బోర్" అనడంలో నామోషీ లేదు, పైగా కొంచెం దర్జా ఉంది. అందుకని ఆ మాట వాడతాడు. మొదట చివరి బెంచీకి జరుగుతాడు, తరువాత క్యాంటీన్‌కి, ఆ తరువాత ఎవరిదో మొబైల్ షాపుకి.

ఆ తరువాత జరిగేది డబ్బు లెక్క, కనుక దాతలు కాస్త శ్రద్ధగా వినాలి. మన యూనివర్సిటీల్లో హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం చూపించి, కాండొనేషన్ ఫీజు కట్టి బయటపడవచ్చు. అంతకన్నా తగ్గితే డిటెన్షన్. జూనియర్లతో కలిసి అదే క్లాసు మళ్లీ కూర్చోవాలి. ఒకసారి ఇచ్చిన సంవత్సరానికి ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండోసారి రాదు. అప్పుడా ఫీజు ఇంటి మీద పడుతుంది. ఇంట్లో ఉండదు. "సరే, పనిలో పెట్టేద్దాం" అంటారు. బోర్ అన్న మాటతో మొదలైనది ఏడాది తిరిగేసరికి పేదరికం అన్న మాటతో ముగుస్తుంది. మనం మొదటి ఏడాది కట్టిన డబ్బు కూడా అక్కడే ఇంకిపోతుంది.

ఇంకొందరి సంగతి వేరు. వీళ్లకు పాఠం అర్థమవుతుంది, కానీ అది వాళ్లకు అక్కర్లేదు. ఆ కోర్సు ఎవరు ఎంచుకున్నారని అడిగితే విచిత్రమైన జవాబులొస్తాయి. మామూ కొడుకు రియాద్‌లో కంప్యూటర్ పని చేస్తున్నాడు కనుక కంప్యూటర్ సైన్స్. అమ్మాయి దాటి పోవలసిన బస్టాండు లేదు కనుక పక్క వీధి మహిళా కాలేజీలో బీకాం. ఒక కుర్రవాడి వెబ్ ఆప్షన్లయితే నెట్ సెంటర్ అతను నింపాడు. తండ్రి అడ్రసు చెప్పాడు, అతను దగ్గరున్న కాలేజీలన్నీ వరసగా కొట్టేశాడు. నాలుగేళ్ల చదువు నాలుగు నిమిషాల్లో తేలిపోయింది. ఆ కోర్సు మీద పిల్లవాడికి ప్రేమ పుట్టలేదంటే ఆశ్చర్యమేముంది?

ఇలాంటి పిల్లలకు "ఇష్టం పెంచుకో బేటా" అని చెప్పడం మేం మానుకున్నాం. ఇష్టం ఎవరైనా చెబితే వచ్చేది కాదు. దానికి బదులు, ఆ పాఠాన్ని ఇంట్లో ఏదైనా ఒక వస్తువుకు కట్టడానికి ప్రయత్నిస్తున్నాం. ఆటోనగర్‌లో మెకానిక్ కొడుకు ఒకడు థర్మోడైనమిక్స్ రెండుసార్లు తప్పాడు. ఈ మధ్యే పాసైన సీనియర్ ఒకరు వాడి పుస్తకం మూయించి, తండ్రి షెడ్డులో విప్పి పెట్టిన బండి ఇంజను ముందు కూర్చోబెట్టాడు. పీల్చడం, నొక్కడం, మండటం, వదలడం. తండ్రి చేత్తో పిస్టన్ కదిపి చూపిస్తుంటే, ఈ సీనియర్ సిమెంటు నేల మీద సుద్దతో ఆట్టో సైకిల్ గీత గీశాడు. పుస్తకంలో ఉన్న గీత తన ఇంట్లో ముప్పై ఏళ్లుగా తిరుగుతోందని పిల్లవాడికి అప్పుడు తెలిసింది. తండ్రికీ అప్పుడే తెలిసింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సంతోషపడ్డారో చెప్పలేం.

బీకాం చదివే అమ్మాయి కథ కూడా ఇలాంటిదే. కాస్ట్ అకౌంటింగ్ అంటే విసుగు. తల్లి ఇంట్లో జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. దారం, పూసలు, జరీ, కరెంటు, కూర్చున్న గంటలు అన్నీ రాసి ఒక్క జాకెట్టుకు ఖర్చు తేల్చమని మా కమిటీలోని ఆపా చెప్పారు. తేల్చితే, పెళ్లి జాకెట్ల మీద తల్లికి గిట్టేది దాదాపు ఏమీ లేదని బయటపడింది. అమ్మీ రేటు పెంచింది, అమ్మాయి పేపరు పాసైంది. ఇప్పుడు ఆ సబ్జెక్టు ఇష్టమా అంటే, కాదనే అంటుంది. ఇష్టం లేకుండా కూడా పాసు కావచ్చునని వెనక వరసల్లోని పిల్లలకు ఆమె తరఫున చెబుతున్నాం.

అబ్దుల్ కలాం సాహెబ్ పేరు ఎత్తని విద్యా సభ ఉండదు, కనుక మేమూ ఎత్తుతాం. అయితే అందరూ చెప్పే చోట కాకుండా దానికి కొంచెం ముందు నుంచి. మద్రాసులోని ఎంఐటీలో చేరడానికి దాదాపు వెయ్యి రూపాయలు కావలసి వస్తే అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు కుదువ పెట్టింది. ఇది అందరికీ తెలుసు. దానికి ముందు ఆయన తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ చదివారు. ఆ డిగ్రీ చేతికొచ్చాకే, ఫిజిక్స్ తన సబ్జెక్టు కాదని, తాను ఇంజనీరింగుకు పోవలసిందని గ్రహించినట్టు ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. 1954లో దాన్ని పూర్తి చేసుకుని, మరుసటి ఏడు ఎంఐటీకి వెళ్లారు. అక్కడ ఏరోనాటిక్స్‌లో చేరడానికి ఆ బీఎస్సీయే అర్హత. ఫిజిక్స్ డిగ్రీ చేతిలో లేకపోతే అక్క గాజులు తెచ్చిన డబ్బుకు పని ఉండేది కాదు. గాజుల కథ మనం పిల్లలకు వందసార్లు చెప్పి ఉంటాం. ఫిజిక్స్ కథ ఒక్కసారైనా చెప్పాలి.

అదే పుస్తకంలో ఇంకొక సంగతుంది. ఎంఐటీలో ఆయన డిజైన్ పని నత్తనడకన సాగుతుంటే, మూడు రోజుల్లో పూర్తి చేయకపోతే స్కాలర్‌షిప్ ఆపేస్తానని ప్రొఫెసర్ శ్రీనివాసన్ హెచ్చరించారు. ఆయన పూర్తి చేశారు. దాతల్లో కొందరు ఇది విని తలలూపుతున్నారు! ఆ ప్రొఫెసర్‌కు తన శిష్యుడు ఎంతవాడో తెలుసు. మనం ఫోటోలో మాత్రమే చూసిన పిల్లవాడి మీద ఆ మందు వాడవద్దని మా మనవి.

మరి మేం వాడుతున్న మందేమిటి? పెద్దదేం కాదు. మసీదు మేడ మీద గదిలో మగ్రిబ్ నుంచి ఇషా దాకా చదువు. గుమ్మం దగ్గర ఒక బుట్ట, అందులో ఫోన్లు. గడిచిన అయిదేళ్ల ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించి సబ్జెక్టువారీగా కట్టలు కట్టి పెట్టాం. చెప్పడానికి ర్యాంకు వచ్చినవాళ్లను పిలవడం లేదు. అర్థం కాకపోవడమంటే ఏమిటో వాళ్లకు అర్థం కాదు. రెండు సప్లీలు రాసి బయటపడ్డవాళ్లు బాగా చెబుతారు, ఎక్కడ కాలు జారుతుందో వాళ్లకు తెలుసు. మొత్తం డిగ్రీ గురించి ఎవరూ మాట్లాడకూడదన్నది మా గదిలో పద్ధతి. ఈ పక్షంలో ఒక యూనిట్, ఈ సెమిస్టర్లో రెండు బ్యాక్‌లాగ్‌లు, అంతే. ఏడు సబ్జెక్టులు మిగిలినవాడికి ఏడూ చూపిస్తే వాడు బుట్టలోంచి ఫోన్ తీసుకుని వెళ్లిపోతాడు.

మనసు లేదు కనుక చదవలేనన్న పిల్లలకు ఇమాం సాహెబ్ ఒకసారి మంచి జవాబిచ్చారు. జనవరి చలిలో ఫజర్ అజాన్ వినబడగానే చన్నీళ్లతో వుజూ చేయడానికి మనసు రోజూ ఉరకలేస్తుందా అని అడిగారు. పిల్లలు నవ్వారు. లేచి కుళాయి తిప్పాక మనసు వెనకాలే వస్తుంది, దాని కోసం దుప్పట్లో ఎదురుచూస్తే సూర్యుడొస్తాడన్నారు. ఆడపిల్లలకు మగ్రిబ్ వేళ కుదరదు కనుక ఆదివారం ఉదయం ఆపాల ఇంట్లో జరుగుతోంది. అది గదికన్నా క్రమంగా సాగుతోందని ఒప్పుకోవాలి, అక్కడ నాష్తా కూడా ఉంటుంది.

ప్రతి పిల్లవాడూ మొదలుపెట్టినదాన్ని పూర్తి చేసి తీరాలని మేం అనడం లేదు. మొదటి ఏడాదిలోనే ఇది తనది కాదని తేలినవాడికి దారి మార్చుకోవడమే మేలు. పాలిటెక్నిక్ వైపో, ఐటీఐ వైపో, వేరే డిగ్రీ వైపో వెళ్లినవాళ్లకూ మన సహాయం ఆగలేదు. పెళ్లితో చదువు ఆగిన అమ్మాయిలకు ఇగ్నో, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ దూరవిద్య ఉన్నాయి. కానీ మూడేళ్లు గడిచి, రెండు మూడు పేపర్లు మిగిలిన దశలో వదిలేస్తానంటే మాత్రం మేం ఇంటికి వెళ్లి కూర్చుంటాం, వాళ్లు విసుక్కున్నా సరే. గ్రూప్-2 నోటిఫికేషన్, బ్యాంకు పీఓ పరీక్ష మొదట అడిగేది "ఏదైనా ఒక డిగ్రీ". ఇంజనీరు వీసా మీద గల్ఫ్‌కి పోవాలన్నా సర్టిఫికెట్ అటెస్టేషన్ కావాలి. నూటికి తొంభై వంతులు చదివిన డిగ్రీని ఏ కౌంటర్లోనూ తీసుకోరు. 2006 నాటి సచార్ కమిటీ నివేదికను ఒకసారి గుర్తు చేసుకోండి. ఇరవై ఏళ్లు దాటినవాళ్లలో డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 7 శాతం, ముస్లింలలో 4 శాతం లోపు. ఆ అంకె సీట్లది కాదు, పూర్తి చేసినవాళ్లది.

ఇక దాతలతో సూటిగా ఒక మాట. మొదటి ఏడాది ఫీజుకు ముందుకొచ్చేవాళ్లు చాలామంది. చెక్కు, శాలువా, ఫోటో ఉంటాయి. మూడో ఏడాది సప్లిమెంటరీ ఫీజుకు ఫోటో ఉండదు. "ఫెయిలైనవాడికి నా జకాత్ ఎందుకివ్వాలి?" అని నిరుడు ఒక పెద్దాయన అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మేం ఉలమాల సలహా తీసుకున్నాం. జకాత్ ఎవరికి చెందుతుందో సూరా తౌబా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలుగా ఉంది. ఫకీర్లు, మిస్కీన్లు వాటిలో మొదటివారు. మార్కుల ప్రస్తావన అందులో లేదు. పిల్లవాడు హక్కుదారు అయితే పరీక్ష తప్పినంత మాత్రాన ఆ హక్కు పోదు. అయితే జకాత్ హక్కుదారు చేతికి, అతని సొంతంగా అందాలి కనుక ఆ ఫీజును విద్యార్థి చేతికిచ్చి అతనిచేతే కట్టించి రసీదు తీసుకుంటున్నాం. పాఠం చెప్పే సీనియర్లకిచ్చే గౌరవ వేతనం, గది కరెంటు, జిరాక్స్ ఖర్చు జకాత్‌లోంచి తీయడం లేదు. అవి సదఖా ఖాతాలోంచి పోతాయి. ఈ రెండు ఖాతాలూ కలపమని ఈ వేదిక మీద మాట ఇస్తున్నాం.

డబ్బుతో పాటు ఇంకొకటి అడుగుతున్నాం. మీలో దుకాణాలున్నవారు, ఆడిటర్ ఆఫీసులున్నవారు, మెడికల్ షాపులు, వర్క్‌షాపులున్నవారు ఉన్నారు. సెలవుల్లో ఒక్క పిల్లవాడిని నెల రోజులు మీ దగ్గర కూర్చోనివ్వండి. జీతం అక్కర్లేదు, మధ్యాహ్నం భోజనం చాలు. జీఎస్టీ రిటర్న్ ఎలా వేస్తారో కళ్లతో చూసినవాడికి టాక్సేషన్ పేపరు అంత పరాయిగా అనిపించదు.

సప్లిమెంటరీ పరీక్షల ఫీజు కట్టే గడువు దగ్గర పడింది. దానికి సంబంధించిన జాబితా బయట భోజనాల షామియానా పక్కన, కోశాధికారి గారి బల్ల మీద ఉంది. పిల్లల మర్యాద కోసం అందులో పేర్లు రాయలేదు, సబ్జెక్టులే రాశాం. మ్యాథ్స్-1 ఎక్కువ ఉన్నాయి, తరువాత ఇంజనీరింగ్ డ్రాయింగ్, కాస్ట్ అకౌంటింగ్. వాటిలో మీరు కుర్రతనంలో తప్పిన సబ్జెక్టు ఉంటే, ముందు దానికే టిక్కు పెట్టండి.