ఆఫ్రికా తరఫున మాట్లాడేదెవరు?

2005 జూలై 2న లండన్ హైడ్ పార్కులో ‘లైవ్ 8’ కచేరీ జరిగింది. మరో నాలుగు రోజుల్లో స్కాట్లాండ్‌లోని గ్లెనీగిల్స్‌లో సంపన్న దేశాల కూటమి జీ8 దేశాధినేతలు కూర్చోబోతున్నారు. పేద దేశాల అప్పులు రద్దు చేయించడం, సాయం పెంచేలా ఒత్తిడి తేవడం నిర్వాహకులైన గాయకులు బాబ్ గెల్డాఫ్, బోనోల ఉద్దేశం. పాటలన్నీ ఆఫ్రికా కోసమే. లండన్ వేదికపై ఆఫ్రికా గాయకులు మాత్రం దాదాపు కనబడలేదు. సెనెగల్‌కు చెందిన యూసూ ఎన్‌డూర్ బ్రిటిష్ గాయని డైడోతో కలిసి పాడాడు. మిగతావారి కోసం కార్న్‌వాల్‌లోని ఈడెన్ ప్రాజెక్టులో వేరే కచేరీ పెట్టారు. 2002 నుంచే యూనిసెఫ్ రాయబారిగా ఉన్న బెనిన్ గాయని ఆంజెలిక్ కిజో పాడింది అక్కడే. ఈ వేరు పంక్తి అన్యాయం.

ఈ ధోరణి మూలం 1985 నాటి ‘లైవ్ ఎయిడ్’ కచేరీలో ఉంది. ఇథియోపియా కరవును అది ప్రపంచం ముందుకు తెచ్చింది, విరాళాలు వెల్లువెత్తాయి. అంతర్యుద్ధం, ఆ దేశ పాలకుడు మెంగిస్తు ప్రభుత్వ విధానాలు ఆ కరవును ఎంతగా పెంచాయన్నది ఆ ప్రచారంలో మరుగున పడింది. అయినా తారల ఉద్యమాలు వృథా అనడం తప్పు. అప్పుల రద్దు కోసం ఏళ్ల తరబడి సాగిన పోరాటంలో వారూ ఉన్నారు. 2005 జూన్‌లో జీ8 ఆర్థిక మంత్రులు 18 దేశాల అప్పు, సుమారు 40 బిలియన్ డాలర్లు, రద్దుకు ఒప్పుకున్నారు. అందులో 14 ఆఫ్రికావి. మరుసటి ఏడాది, వాటిలో ఒకటైన జాంబియా గ్రామీణ ఆసుపత్రుల్లో ఫీజులు ఎత్తేసింది.

అదే 2005లో రచయిత్రి తాయే సెలాసీ ‘ఆఫ్రోపాలిటన్’ అనే మాటకు ప్రాచుర్యం తెచ్చింది: లండన్‌లోనూ లేగోస్‌లోనూ ఇల్లున్న, జాలి కోరని తరం అది. కెన్యా రచయిత బిన్యావంగా వైనైనా ఆ ఏడాదే ఆఫ్రికాను గురించిన మూస రాతలను ఎండగట్టాడు. 2014లో ఘనా మూలాలున్న గాయకుడు ఫ్యూజ్ ఓడీజీ, ఎబోలా విరాళాల కోసం గెల్డాఫ్ తలపెట్టిన పాటలో పాలుపంచుకోనన్నాడు. ఆ గీతంలో తన ఖండం చిత్రణ అతనికి నచ్చలేదు. ఇది గౌరవించదగిన నిరాకరణ. అయితే పాస్‌పోర్టూ చదువూ ఉన్న కొద్దిమంది గొంతు ఖండమంతటి గొంతు కాదు; వైనైనాయే తర్వాత ఆఫ్రోపాలిటన్ ముద్రను కాదన్నాడు.

మరి ఆఫ్రికా తరఫున మాట్లాడేదెవరు? అభివృద్ధి రంగంలోకి అడుగుపెట్టే పట్టభద్రులు దీనికి జవాబుగా చదవాల్సిన కథ, అప్పు రద్దయిన అదే జాంబియాది. 2020 నవంబరులో ఆ దేశం బాండ్లపై వడ్డీ కట్టలేకపోయింది. ఈసారి అప్పులవాళ్లలో చైనా బ్యాంకులున్నాయి, విదేశీ బాండ్ల మదుపరులున్నారు. ప్రభుత్వ రుణదాతలతో ఒప్పందం 2023లో, బాండ్లవారితో 2024లో కుదిరింది. ఆ నాలుగేళ్లూ బేరమాడింది లుసాకాలోని ఆర్థిక శాఖ అధికారులే.