ఉపాధ్యాయిని ఋణము



ఇంతకుముందు మనము చూచిన చిత్రమునుగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని సమాజమువారు మమ్ము కోరిరి. మనసు కుదుటపడకముందే మాటలాడుట కష్టము. అయినను ఈ చిత్రము కన్నీటితో తృప్తిపడునది కాదు, ఆలోచనను కోరుచున్నది. కావుననే పూనుకొంటిమి.

దీని పేరు 'ఊరోక్', అనగా 'పాఠము'. బల్గేరియా దేశీయులగు క్రిస్టీనా గ్రోజెవా, పీటర్ వల్చనోవ్ అనువారు దర్శకత్వము వహింపగా ఇది 2014లో వెలువడెను. ఆ దేశమున ఒక ఉపాధ్యాయిని బ్యాంకిని దోచినదను వార్తయే ఈ కథకు బీజము. మార్గీటా గోషెవా ధరించిన పాత్ర పేరు నదెజ్దా. ఆ భాషలో ఆ మాటకు 'ఆశ' యని యర్థము. ఇంత నిరాశామయమైన కథలో నాయికకు ఇట్టి పేరు!

చిన్న పట్టణమున ఆమె ఇంగ్లీషు బోధించుచుండును. తరగతిలో ఒకరి సొమ్ము పోవును. దొంగను బయటపెట్టి పిల్లలకు నీతి నేర్పవలెనని ఆమె పట్టుదల. ఇంతలో తన ఇంటికే ముప్పు వచ్చును. అప్పు వాయిదాలకు చెల్లవలసిన సొమ్మును భర్త వేరుగా ఖర్చుచేసినాడు. ఇల్లు వేలమునకు సిద్ధమైనది. అనువాదములు చేసిన కూలి ఆమె చేతికందదు. సంపన్నుడైన తండ్రియెదుట తల వంచుటకు మనసొప్పదు. వడ్డీవ్యాపారి గుమ్మమెక్కును. బ్యాంకిలో కొద్దిపాటి రుసుమునకు చిల్లర చాలక, ఫౌంటెను నీటిలో చేయిపెట్టి నాణెములు ఏరుకొనును. నీతిపాఠము చెప్పిన ఆ చేయి నీళ్లలో తడవులాడుచుండగా మా కంఠమున ఏదియో అడ్డుపడినట్లయినది. తుదకు ఆమెయే బ్యాంకిని దోచును.

ఇంత చీకటి చిత్రమును చూచి లాభమేమని కొందరడుగవచ్చును. దుష్టుడు శిక్షింపబడడు, పాట పాడి ఓదార్చువారు లేరు. నిజమే. కాని జీవితమున కూడ అనేకులకు ఆ ఓదార్పు లభించుట లేదు.

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము; ఆమె నిర్దోషియని వాదింపజాలము. బ్యాంకి గుమాస్తాకును ప్రాణభయము కలదు, సంసారము కలదు. కాని నేరపత్రములో ఒక్కపేరే ఉండును. వాయిదాసొమ్ము దుబారాచేసిన భర్త, కూలి ఎగవేసిన యజమాని, అక్కర చూచి ఉచ్చు బిగించిన వడ్డీవ్యాపారి, వీరి పేర్లందు కానరావు. చిన్నదొంగను వెదకుచున్న తరగతిగది చుట్టును పెద్దదొంగలు దర్జాగా తిరుగుచున్నారు. ఇదియే మాకు కోపము తెప్పించినది.

మన దేశమున 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను ఋణస్థుని కట్టుబట్టలను, వంటపాత్రలను, పరుపులను జప్తు చేయరాదని శాసించుచున్నది. దయగల నిబంధనయే. అయితే మనుష్యుని మానమును జప్తునుండి కాపాడు సెక్షను ఏ కోడునందును లేదు. ఆ పని ఇరుగుపొరుగువారిది, బంధువులది, సంఘముది. నదెజ్దా ఎవ్వరిని అడుగలేకపోయెను. ఆమెను అడిగినవారును లేరు. అడుగలేకపోవుట అభిమానము కావచ్చును. అడిగినవారు లేకపోవుట మాత్రము సంఘముయొక్క దారిద్ర్యము.

గురువును దైవముగా నెంచు దేశము మనదని సభలలో చెప్పుకొనుచుందుము. దైవమునకు నైవేద్యము పెట్టకపోయినను పలుకదు. గురువునకు మాత్రము నెలకొకసారి బియ్యము కొనవలసియుండును. పూలదండ వేయుటకుముందు జీతము సకాలమున అందినదా, ఇంటిలో పొయ్యి వెలిగినదా యని విచారింతుము గాక. పిల్లలకు సత్యము నేర్పుమని పంపినవారు, ఆ సత్యముతో బ్రదుకుటకు వలసినది కూడ ఇచ్చి పంపవలెను.

ఆ చిత్రమునకు 'పాఠము' అని పేరుపెట్టినది తరగతిలోని పిల్లలకొరకు కాదు; మనకొరకే.