పదిమంది చేతి పనికి ముహూర్తము



గ్రంథాలయమునందలి పుస్తకముల పట్టికయు, చందాదారుల జాబితాయు, ఎవరు ఏ పుస్తకమును ఎన్నడు తీసికొనిపోయిరో తెలుపు రిజిస్టరును ఒక్కచోట చేర్చి, అడిగినంతనే కావలసిన వివరము నందించునట్లు కంప్యూటరులో అమర్చినచో దానిని డేటాబేసు అందురు. మై ఎస్.క్యూ.ఎల్. అనునది అట్టి డేటాబేసులను నడుపు సాధనములలో నొకటి. అయితే దానిచే పని చేయించుకొనుటకు ప్రత్యేకమైన ఆజ్ఞాభాష నేర్వవలెను. ఆ భాష అంతగా రానివారికి సైతము తెరపై పట్టికలను చూపి, మీటలు నొక్కి పని జరుపుకొను వీలు కల్పించు సాధనమే పీ.హెచ్.పీ.మై అడ్మిన్. దీనిని ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును; దీని మూలపాఠమును చదువవచ్చును, దిద్దవచ్చును, పదిమందికి పంచవచ్చును. ఇట్టివానినే ఓపెన్ సోర్సు సాధనములందురు.

దీనిని 1998లో టోబియాస్ రాట్‌షిల్లర్ ప్రారంభించెను. ఆ యేడు డిసెంబరులోనే కెనడా దేశస్థుడు మార్క్ డెలీల్ దానిని పలు భాషలలో పనిచేయునట్లు తీర్చెను. 2000 నాటికి రాట్‌షిల్లరునకు తీరిక చాలక పని ఆగిపోయెను. మూలపాఠము ఒకరి పెట్టెలో దాగియున్నచో కథ అంతటితో ముగిసియుండెడిది. అది అందరికిని తెరచియుండుటచేత 2001లో ఒలీవియే ముల్లర్, మార్క్ డెలీల్, లోయిక్ షాపో అను మువ్వురు భారము వహించి దానిని నిలబెట్టిరి. ప్రారంభించినవారు తప్పుకొన్నను పని నిలిచిన ఇట్టి కథ గ్రంథాలయములను నడిపినవారికి క్రొత్త కాదు.

ఇట్టి పనిలో పాల్గొనువారు వేర్వేరు దేశములలో నుందురు. వారిలో పెక్కుమంది స్వచ్ఛందముగా సేవ చేయువారు. ఒకరి మార్పు నేడు సిద్ధము; మరియొకరిది వచ్చే నెలకును కాదు. అయినచో క్రొత్త ప్రతిని ఎన్నడు లోకమునకు విడుదల చేయవలెను? “ఆలస్యం అమృతం విషం” అని యొక సామెత. “నిదానమే ప్రధానం” అని మరియొకటి. ఈ రెంటి నడుమ దారి చూపునదే విడుదల ప్రణాళిక.

అందు మొదటి మెట్టు, ఏది చేర్చవలెనో కాక ఏది చేర్చరాదో నిర్ణయించుట. ఒక గడువు దాటిన పిమ్మట క్రొత్త సౌకర్యములకు తలుపు మూయుదురు. సిద్ధము కానిది తరువాతి విడుదలకు ఆగును. ఒక్క ప్రయాణికుని కొరకు బస్సును నిలిపినచో ఎక్కి కూర్చున్నవారందరి పనియు చెడును గదా! రెండవ మెట్టు, పరీక్షాప్రతిని వెలువరించి తప్పులు పట్టుమని వాడుకరులను కోరుట. ఇది అచ్చుపనిలో ప్రూఫులు దిద్దుట వంటిది. తెరపై కనబడు మాటలను అనువదించువారికిని ఈ కాలమే అదను. చివరి గడియలో మాటలు మార్చినచో వారి శ్రమ వృథా యగును. ఈ సాధనము అనువదింపబడిన భాషలలో మన తెలుగును కలదు.

విడుదలలకు సాధారణముగా మూడంకెల గుర్తుండును. 2022లో వచ్చిన 5.2.0 క్రొత్త సౌకర్యములతో కూడినది. 2023లో వచ్చిన 5.2.1 దానిలోని లోపములను సవరించినది. చివరి అంకె మారినచో మరమ్మతు, నడిమి అంకె మారినచో క్రొత్త సౌకర్యములు, మొదటి అంకె మారినచో పెద్ద మార్పు అని తెలిసికొనవలెను. అంకెను చూచినంతనే వాడుకరి ఎంత సన్నాహము కావలయునో గ్రహించును.

పెద్ద మార్పు వచ్చినపుడు వెనుకబడినవారి సంగతి యేమి? 2008లో 3.0 వెలువడినపుడు అది పాత కంప్యూటరు ఏర్పాటులపై పనిచేయలేదు. అయినను పాత 2.11 శాఖకు రక్షణ సవరణలు కొంతకాలము అందుచునే యుండెను. 2019 డిసెంబరులో 5.0 వచ్చినపుడును 4.9 శాఖను అట్లే కాపాడిరి. క్రొత్త కాలువ త్రవ్వినంత మాత్రమున పాత కాలువ క్రింది పొలములకు ఆనాడే నీరు కట్టివేయుట ధర్మము కాదు గదా!

విడుదల యనగా ప్రతిని వెలువరించుట మాత్రమే కాదు; అది కల్తీ లేక చేరునట్లు చూచుటయు నందలి భాగమే. 2012 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని ఒక పంపిణీ కేంద్రమున 3.5.2.2 ప్రతిలో ఎవరో దొంగదారి నొకదానిని చొప్పించిరి. దానిగుండ దుండగులు పరుల కంప్యూటరులో ప్రవేశించి తమ యిచ్చవచ్చినట్లు పని చేయింపగలరు. బయటపడునాటికి సుమారు 400 మంది ఆ ప్రతిని దింపుకొనిరి. వ్రాసినవారి తప్పు లేదు, మూలపాఠము శుద్ధముగనే యున్నది, చెడినది దారిలో. 2015 జూలై నుండి ప్రతి విడుదలకును బాధ్యుని సంకేతముద్ర యుండుచున్నది. మొదట మార్క్ డెలీల్, 2016 జనవరి నుండి ఐజక్ బెనెచ్ ఆ ముద్ర వేయు బాధ్యతను వహించిరి. లక్కముద్ర చెదరిన ఉత్తరమును అనుమానించినట్లే, ఈ ముద్ర సరిపోలని ప్రతిని వాడుకరి తిరస్కరింపవలెను.

కావున ఇట్టి సాధనమును వాడు ప్రతివారును మూడు నియమములు పాటింపదగును. ప్రతిని అధికారిక స్థానము నుండియే తెచ్చుకొని ముద్రను సరిచూచుకొనుట. క్రొత్తది స్థాపించుటకు ముందు తమ డేటాబేసునకు నకలు తీసి భద్రపరచుకొనుట. రక్షణ సవరణ వచ్చిన పిమ్మట జాగు చేయకుండుట.

ఉచితముగా లభించునది గదా యని బాధ్యత లేనిదిగా ఎంచరాదు. తమ ఎరుకలో లేని ఊరిలో, తాము చూడని యొక గుమాస్తా లెక్కలు తారుమారు కారాదని గడువు పెట్టుకొని, ప్రూఫులు దిద్ది, ముద్ర వేసి పంపువారి శ్రద్ధయే ఆ సాధనమునకు మూలధనము. ఇరువదియైదేండ్లుగా సాయంకాలము కాగానే తలుపు తెరచి దీపము వెలిగించిన గ్రంథాలయ సేవకుల శ్రద్ధయు అట్టిదే. చెప్పిన వేళకు తలుపు తెరచుటలోనే పదిమంది నమ్మకము నిలుచును.