అక్షరాల తెరపై ఫొటో
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవం పేరుతో ఈ ఏడాదంతా మనం పాత ఫొటోలు మెయిల్లో పంపుకుంటున్నాం. సర్వర్ల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నేను మెయిల్ చూసుకునేది నల్లటి తెరపై అక్షరాలు మాత్రమే కనిపించే ప్రోగ్రాంలో. దాని పేరు మట్. 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాంకు మౌస్ అక్కర్లేదు. నెట్ నెమ్మదిగా ఉన్నా పని ఆగదు. "మరి ఫొటో వస్తే ఎట్ల చూస్తవే?" అని మిత్రులు అడుగుతుంటారు. ఈ నాలుగు మాటలు దాని గురించే.

మెయిల్ పుట్టింది అక్షరాల కోసం. కాబట్టి ఫొటోను పంపే ముందు అక్షరాలుగా మారుస్తారు. ఈ పద్ధతి పేరు బేస్64. ఇందులో ప్రతి 3 బైట్లకు 4 అక్షరాలు పడతాయి. అందుకే 3 ఎంబీల ఫొటో మెయిల్లో 4 ఎంబీలు దాటుతుంది. ఇది ఉత్తరం, ఇది ఫొటో, ఇది పాట అని ఒక్కో భాగానికి చీటీ అంటించే ఏర్పాటు పేరు మైమ్. దాన్ని నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ రూపొందించారు. 1992 మార్చి 11న బోరెన్‌స్టైన్ తన పాటల బృందం ఫొటోను, వాళ్లు పాడిన పాటను అట్లా పంపి చూపించాడు.

మన దేశంలో వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. అప్పుడు తక్కువ ధరకు దొరికింది షెల్ అకౌంట్. మోడెంతో ఫోను కలిపితే తెరపై అన్నీ అక్షరాలే. మెయిల్‌కు పైన్ అనే ప్రోగ్రాం. ఫొటో వస్తే వీఎస్ఎన్ఎల్ కంప్యూటర్లోనే ఉండేది. దాన్ని అక్కడ సేవ్ చేసి, ఫోను లైను మీదుగా మన కంప్యూటర్లోకి దించుకుని, వేరే ప్రోగ్రాంలో తెరవాలి. అమెరికా నుంచి కొడుకు పంపిన మనవరాలి ముఖం చూడటానికి ఇన్ని మెట్లెక్కాలి.

ఇప్పుడు సులువు. మట్‌లో మెయిల్ తెరిచి 'వి' నొక్కితే అందులోని ఫైళ్ల పేరు, రకం, సైజు వరసగా కనిపిస్తాయి. ఫొటో వరస మీద ఎంటర్ కొడితే మట్ ముందుగా మెయిల్‌క్యాప్ అనే చిన్న ఫైలు చూస్తుంది. ఏ రకం ఫైలును ఏ ప్రోగ్రాంకు ఇవ్వాలో మనం అందులో రాసిపెట్టుకుంటాం. ఆ ప్రోగ్రాం ఫొటోను తెరుస్తుంది. చూసి మూసేస్తే మళ్లీ మెయిల్ దగ్గరికే వస్తాం. దూరాన ఉన్న సర్వర్లో పనిచేస్తున్నప్పుడు మాత్రం ఇట్లా కుదరకపోవచ్చు. అప్పుడు చాఫా అనే ప్రోగ్రాం రంగురంగుల అక్షరాలు పేర్చి బొమ్మ గీస్తుంది. ముఖాలు సరిగా ఆనవు గాని, అది గ్రూపు ఫొటోనా, సర్టిఫికెట్టా అన్నది తెలుస్తుంది. 1980లలో వచ్చిన సిక్సెల్ పద్ధతి తెలిసిన టెర్మినల్ అయితే ఆ నల్ల తెరలోనే ఫొటో చక్కగా కనిపిస్తుంది.

ఇక అసలు మాట. ఎంటర్ కొట్టేదాకా నాకు కనిపించేది ఫైలు పేరు ఒక్కటే. "ఐఎంజీ 2043" అని ఉంటే అది పదో తరగతి ఫొటోనో, రాజన్న గుడి ముందు దిగిందో ఏం తెలుస్తుంది? స్క్రీన్ రీడర్‌తో మెయిల్ వినే చూపు లేని మిత్రుడికీ అంతే. తెరిచి చూసినవాడికి మాత్రం వెనక వరసలో మూడోవాడెవరో ఫొటో చెబుతుందా?

మన దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్టను తలుచుకోండి. వేములవాడ చాళుక్యుల ఆస్థాన కవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో అక్కడి బండపై చక్రేశ్వరిని, జినులను చెక్కించాడు. బొమ్మలతో ఊరుకోలేదు. కింద సంస్కృతం, కన్నడం, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. ఆ అక్షరాలున్నాయి కాబట్టే వాటిని చెక్కించిందెవరో, పంపని వంశమేదో మనకు తెలిసింది. తెలుగుకు పాత కంద పద్యాలూ దొరికాయి. అవి లేకపోతే ఎవరో చెక్కించిన బొమ్మలని చెప్పుకుని ఊరుకునేవాళ్లం.

అందుకని నాది ఒక్కటే మనవి. ట్రంకు పెట్టెలోని ఫొటో పంపేటప్పుడు ఫైలు పేరులో సంవత్సరం, తరగతి పెట్టండి. మెయిల్లో ఎడమ నుంచి కుడికి వరసవారీగా పేర్లు రాయండి. ఎక్కడ, ఏ సందర్భంలో దిగారో ఒక్క వాక్యం చేర్చండి. పేర్లు గుర్తు రాకపోతే ఇక్కడున్న సార్లను, మేడమ్‌లను ఇవాళే అడగండి. హాజరు పిలిచిన గొంతులవి. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. మన తర్వాతి బ్యాచ్‌ల పిల్లలు వజ్రోత్సవం నాటికి ఈ ఫొటోలు ఏ తెర మీద చూస్తారో మనకు తెలియదు. ఏ తెర అయినా, పక్కన పేర్లుంటేనే మనమెవరమో వాళ్లకు తెలుస్తుంది.