కథలలోని కపటభక్తి

కపటసన్న్యాసిని కథలో చూపుట మతద్రోహమని కొందరందురు. మేమట్లు తలపము. 1880లో గ్రంథరూపమున వెలువడిన వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రములో, బంగారము చేసెదనని నమ్మించిన బైరాగి రాజశేఖరుని సొమ్ముతో పరారియగును. గురజాడవారి కన్యాశుల్కమున అగ్నిహోత్రావధానులు వేదపండితుడయ్యు కూతునమ్ముకొనును. ఈ కథలచే వేదము చెడలేదు, వేషము బయటపడినది.

ఆదోని మండీలో పత్తిమూట విప్పి చూచువాడు పత్తికి శత్రువా? ఎమ్మిగనూరు నేతగాడు వెలిసిపోవు రంగును నిందించిన మగ్గమును నిందించినట్లా? మంత్రాలయమునకు నడచిపోవు పేదభక్తుని విశ్వాసము నిజమైనది. దానిని దోచువాని ముసుగు తీయుట ఆ భక్తుని రక్షించుటయే.

అయినను, కథ చదివి పొరుగువానిని వ్రేలెత్తి చూపుట సులభము. తన బొట్టుక్రింది నొసటిని తడవి చూచుకొనుట కష్టము. ఆ పనికే కథలు పుట్టినవి.