పట్టా, ముచ్చలికా: వలసపాలనలో ఆవిష్కర్త హక్కు

తెలుగులో పట్టా అనే మాటకు రెండు అర్థాలు స్థిరపడ్డాయి. ఒక భూమిపై ఒక రైతుకు హక్కు ఉన్నదని సర్కారు గాని జమీందారు గాని రాసి ఇచ్చే కాగితం పట్టా. ఒక విద్యార్థి ఒక చదువు పూర్తి చేశాడని విశ్వవిద్యాలయం ముద్ర వేసి ఇచ్చే కాగితమూ పట్టాయే. జి. కొండూరులో ఈ స్నాతకోత్సవ వేదికపై రెండో పట్టాను అందుకుంటున్న యువతీయువకులలో చాలామంది ఇళ్ళలో మొదటి పట్టా ట్రంకుపెట్టె అడుగున భద్రంగా ఉంటుంది. మూడో పట్టా మరొకటి ఉంది. కొత్త వస్తువునో కొత్త పద్ధతినో కనిపెట్టిన మనిషికి కొన్నేళ్ళపాటు దానిపై రాజ్యం ఇచ్చే ప్రత్యేక హక్కు అది. దాని పేరు పేటెంటు. ఆ మాటకు మూలమైన లాటిను పదానికి తెరిచి ఉన్న లేఖ అని అర్థం. రాజముద్ర లేఖ అడుగున వేలాడుతుందే గాని లేఖను మూసివేయదు, కనుక ఎవరైనా విప్పి చదువుకోవచ్చు.

నూజివీడు, మైలవరం జమీందారీల గ్రామాలకు పట్టాతోపాటు ముచ్చలికా అనే మాట కూడా తెలుసు. జమీందారు రైతుకు పట్టా ఇస్తే, రైతు దానికి బదులుగా షరతులను ఒప్పుకుంటూ రాసి ఇచ్చే ప్రతిపత్రం ముచ్చలికా. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం ఈ రెండు కాగితాల మార్పిడిని కట్టుదిట్టం చేసింది. పేటెంటు స్వభావం అర్థం కావడానికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. రాజ్యం హక్కు అనే పట్టా ఇస్తుంది. ఆవిష్కర్త తన పనిముట్టు ఎలా పనిచేస్తుందో, ఆ పనిలో ఆరితేరిన మరొకరు చదివి తిరిగి చేయగలిగేంత వివరంగా, బొమ్మలతో సహా రాసి ఇస్తాడు. ఆ వివరణ పత్రమే ఆవిష్కర్త ముచ్చలికా. గడువు తీరగానే హక్కు పోతుంది, వివరణ మాత్రం లోకానికి మిగిలిపోతుంది. వలసకాలపు భారతదేశంలో ఈ రెండో కాగితం ఎవరు రాయగలిగారు, ఎవరు రాయలేకపోయారు అన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

ఈ దేశంలో ఆవిష్కర్తలకు ప్రత్యేక హక్కులిచ్చే తొలి చట్టం 1856లో ఈస్టిండియా కంపెనీ పాలనలో వచ్చింది. హక్కు గడువు 14 ఏళ్ళు. ఆ ఏడాది మార్చి 3న కలకత్తాకు చెందిన సివిలు ఇంజనీరు జార్జి ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ తన పరికరానికి హక్కు కోరుతూ అర్జీ పెట్టి, సెప్టెంబరు 2న దాని వివరణను, చిత్రపటాలను దాఖలు చేశాడు. అది పంఖాలను లాగే యంత్రం. దొరల బంగళాల్లోనూ కచేరీల్లోనూ పైకప్పుకు వేలాడదీసిన పెద్ద గుడ్డ విసనకర్రను వరండాలో కూర్చున్న ఒక కూలి తాడుతో గంటల తరబడి లాగుతూ ఉండేవాడు. ఆ లాగే పనిని ఇంకా సులువుగా, సమర్థంగా జరిపించడం ఆ యంత్రం ఉద్దేశం. దేశంలో మొదటి ప్రత్యేక హక్కు దానికే దక్కింది. ఒక సమాజంలో ఏది ఆవిష్కరణగా లెక్కకు వస్తుందన్నది, ఆ సమాజంలో ఎవరి అవసరం కచేరీ దాకా వెళ్ళగలదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. తాడు పట్టుకున్నవాడి చేతి బొబ్బలకు విరుగుడు కోరుతూ అర్జీ పెట్టగలిగినవారు ఆనాడు లేరు.

బ్రిటిషు రాణి ముందస్తు అనుమతి లేకుండా చేశారన్న కారణంతో ఆ చట్టాన్ని 1857లోనే రద్దుచేసి, మార్పులతో 1859లో మళ్ళీ తెచ్చారు. 1872లోనూ 1883లోనూ చిన్న చేర్పులు జరిగాయి, 1888లో మరో చట్టం వచ్చింది. వాటన్నిటి స్థానంలో 1911 నాటి భారత పేటెంట్లు, డిజైన్ల చట్టం నిలిచి, కలకత్తాలో ఒక కంట్రోలరు అధికారం కింద పేటెంటు కార్యాలయాన్ని ఏర్పరచింది. చట్టాల అక్షరాలలో జాతిభేదం లేదు. అర్జీ ఎవరైనా పెట్టుకోవచ్చు. అయితే కృష్ణా జిల్లా కమ్మరికి కలకత్తా ఎంత దూరమో, ఇంగ్లీషులో వివరణ రాయడం అంతకంటే దూరం. నైపుణ్యం వేలికొసల్లో ఉన్నవాడికి అక్షరం లేదు, అక్షరం ఉన్నవాడికి గుమాస్తా ఉద్యోగం తప్ప పనిముట్టుతో సంబంధం లేదు. వలస చదువు కల్పించిన ఈ ఎడబాటు పేటెంటు రుసుము కంటే పెద్ద అడ్డంకి అని చెప్పడం సమంజసం. స్వాతంత్ర్యం వచ్చాక పేటెంటు చట్టాన్ని పరిశీలించిన జస్టిసు ఎన్. రాజగోపాల అయ్యంగారు 1959లో ఇచ్చిన నివేదికలో, భారతదేశంలో మంజూరైన పేటెంట్లలో అత్యధికభాగం విదేశీయులవేననీ, వాటిలో చాలావాటిని ఈ దేశంలో ఉత్పత్తికి వినియోగించనే లేదనీ తేల్చారు. పొలానికి పట్టా పుచ్చుకుని సాగుచేయకుండా బీడుపెట్టి, సాగుచేస్తానన్నవాడిని గట్టు దాటనివ్వకపోవడం ఎటువంటిదో ఇది అటువంటిది. ఆ నివేదిక పునాదిపైనే 1970 నాటి పేటెంట్ల చట్టం తయారై, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలులోకి వచ్చింది.

అక్షరమూ ప్రయోగశాలా రెండూ ఉన్న భారతీయులు సైతం పేటెంటును సంతోషంగా స్వీకరించలేదు. ఆచార్య జగదీశ్ చంద్ర బోసు విద్యుత్ తరంగాలను గాలెనా అనే సీసపు ఖనిజ స్ఫటికంతో పసిగట్టే సాధనాన్ని నిర్మించినప్పుడు, జ్ఞానాన్ని సొమ్ము చేసుకోవడం తగదన్న నమ్మకంతో హక్కు కోరడానికి ఇష్టపడలేదు. సోదరి నివేదిత, శ్రీమతి సారా బుల్ పట్టుబట్టిన మీదట 1901లో అమెరికాలో దరఖాస్తు దాఖలైంది, 1904 మార్చి 29న 7,55,840 సంఖ్యతో పేటెంటు మంజూరైంది. బోసు వైరాగ్యం పూజ్యమైనదే. అయినా ఆ ఒక్క కాగితం ఉన్నందువల్లనే ఆయన పని ఏ తేదీ నాటికి ఎంతవరకు వచ్చిందో నేడు నిస్సందేహంగా రుజువు చేయగలుగుతున్నారు. పేటెంటుకు సంపాదన ఒక ప్రయోజనమైతే, సాక్ష్యం మరొకటి.

తెలుగునాట పేటెంటు అనే మాట చట్టం ద్వారా కంటే మందుసీసాల ద్వారా ఎక్కువగా ప్రచారమైంది. పేటెంటు మందు అంటే తయారీ రహస్యం బయటపెట్టకుండా ఒక పేరుతో అమ్మే మందు అని వాడుక. అసలు పేటెంటు లక్షణం రహస్యాన్ని విప్పి చెప్పడమే గనుక, మాట తన అర్థానికి పూర్తిగా ఎదురు తిరిగిందన్నమాట. కృష్ణా జిల్లాలో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం ఆ కాలపు దేశీయ మందులలో అగ్రగణ్యం. వ్యాపార చిహ్నాలను నమోదుచేసే చట్టమే ఈ దేశంలో 1940 దాకా లేదు గనుక, కొన్నవారి నమ్మకమే ఆ పేరుకు పెద్ద కాపలా. ఆ పసుపుపచ్చ డబ్బా మీద వచ్చిన ఆదాయం ఆంధ్రపత్రికను నడిపింది, ఆంధ్ర గ్రంథమాలను నిలబెట్టింది. ఒక వస్తువు పేరు మీది నమ్మకం ఒక జాతి అక్షరాలకు అన్నం పెట్టిన ఉదాహరణలలో దీనిని ముందు వరుసలో చెప్పుకోవాలి.

ఈ ప్రాంతానికి సమీపంలోని బెజవాడలో 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘం దేశమంతటా 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. రాట్నం పాత పనిముట్టు. దాని వేగం పెంచకపోతే నూలు వడికే ఇల్లాలికి కూలి గిట్టదు. అందుకే అఖిల భారత చరఖా సంఘం 1929లో మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆ ప్రకటనలోని షరతులు ఇంజనీరింగు విద్యార్థులు వల్లె వేయదగినవి. యంత్రం తేలికగా ఉండాలి, మామూలు పల్లెటూరి ఇంట్లో కాలితో గాని చేతితో గాని నడవాలి. ఒక స్త్రీ అలసిపోకుండా ఎనిమిది గంటలు తిప్పగలగాలి. ఆ ఎనిమిది గంటల్లో 12 నుంచి 20 నంబరు వరకు ఉండే నూలు 16,000 అడుగులు, అంటే దాదాపు ఐదు కిలోమీటర్ల పొడవున రావాలి. ధర 150 రూపాయలు మించకూడదు, చిన్నచిన్న మరమ్మతులతో 20 ఏళ్ళు పనిచేయాలి. కర్త తన పేర పేటెంటు తీసుకోవచ్చు, అయితే బహుమతి గెలిస్తే ఆ హక్కును సంఘానికి బదిలీ చేయాలి. పంఖా యంత్రానికీ ఈ రాట్నానికీ మధ్య గడిచిన 73 ఏళ్ళలో ప్రశ్న పూర్తిగా మారిపోయింది. ఆవిష్కర్తకు పేరూ ప్రతిఫలమూ, పనిముట్టు మాత్రం లక్షల ఇళ్ళకు అన్న ఈ ఏర్పాటు, ఏ చట్టసభా చేయని పేటెంటు చట్టం. ఆ లక్ష రూపాయలు ఎవరికీ దక్కలేదు. షరతులన్నీ తీర్చిన యంత్రం రాలేదు. ప్రశ్నను అంత స్పష్టంగా అడిగిన ఘనత మాత్రం ఆ ప్రకటనకే చెందుతుంది.

ఆంధ్రదేశం వెలుపలి తెలుగువారిలో ఈ కాలపు ప్రతిభకు నిలువెత్తు సాక్ష్యం కోయంబత్తూరుకు చెందిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893లో అక్కడి కలంగల్ గ్రామంలో తెలుగు రైతుకుటుంబంలో పుట్టిన ఈయన బడిచదువుకు దూరమై, ఒక ఆంగ్లేయ అధికారి మోటారుసైకిలును చూసి ముచ్చటపడి, హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి దానిని కొన్నది నడపడానికంటే ముందు విప్పి చూడడానికి. 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ళ మధ్య ఒక బస్సు నడిపి, రవాణా సంస్థగా పెంచి, ఆ ఆదాయాన్ని విద్యుత్ క్షురయంత్రం, పలుచని బ్లేడు, పండ్లరసం తీసే సాధనం, ఓటు నమోదు యంత్రం వంటి వాటిమీద ధారపోశాడు. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయానికి ఆయన విరాళమే ఊపిరి అయింది. చేయి, అక్షరం విడిపోకూడదని ఆయన జీవితాంతం వాదించిన వాదం నేటికీ పాతబడలేదు.

ఆవిష్కర్త వేరు, హక్కుదారు వేరు అన్న సంగతి కూడా పట్టభద్రులు ఉద్యోగ ఒప్పందాలపై సంతకం చేయడానికి ముందే తెలుసుకోవాలి. భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధనకు సారథ్యం వహిస్తున్న రోజులలో అక్కడ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు వెలువడింది. 1949లో మంజూరైన దాని పేటెంటులో ఆవిష్కర్తగా బెంజమిన్ డగ్గర్ పేరు, హక్కుదారుగా అమెరికన్ సయనమిడ్ కంపెనీ పేరు నమోదయ్యాయి. సుబ్బారావు అప్పటికి ఏడాది క్రితమే కన్నుమూశారు. వెనుక నిలిచి దారి చూపినవారికి పేటెంటు పత్రంలో గడి ఉండదు.

ఈ ఊరి పరిసరాలలోనే రాయదగినది ఎంతో ఉంది. మామిడి కోతకు వాడే చిక్కాన్ని దగ్గరగా పరిశీలిస్తే చాలు: పొడవాటి గెడ చివర ఇనుప కమ్మీ వలయం, దానికి అల్లిన వల, వలయం అంచున చిన్న కత్తి. తొడిమను కొంత ఉంచి కోయకపోతే సొన కారి తొక్క మీద మచ్చ పడుతుంది, మచ్చ పడిన బంగినపల్లికి బజారులో ధర పడిపోతుంది; అందుకే కత్తి ఎక్కడ బిగించాలి, ఎంత వాలు ఉండాలి అన్నది కోతగాడికీ కమ్మరికీ మధ్య ఏటా సాగే చర్చ. కొండపల్లి బొమ్మల కళాకారుడు తెల్ల పొణికి కర్రతో చేసిన అవయవాలను అతకడానికి రంపపు పొట్టులో చింతగింజల పిండి కలిపి మక్కు తయారుచేస్తాడు. తరతరాలుగా అందరూ ఎరిగిన ఆ మక్కుకు ఇప్పుడు పేటెంటు రాదు, సంప్రదాయ విజ్ఞానాన్ని చట్టం పేటెంటు పరిధి నుంచి తొలగించింది. అటువంటి ఉమ్మడి కీర్తికి భౌగోళిక గుర్తింపు అనే వేరే రక్షణ ఉంది. ఒక ఊరి పేరుతో ప్రసిద్ధమైన వస్తువుపై ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరికీ కలిపి ఇచ్చే హక్కు అది. కొండపల్లి బొమ్మలకు అది లభించింది, బంగినపల్లి మామిడికి 2017లో లభించింది. కాని చిక్కానికి ఒక కమ్మరి చేసిన సరికొత్త మార్పు, బొమ్మ చెక్కే ఉలికి ఒకరు పెట్టిన కొత్త పిడి వ్యక్తి కల్పనలు. అవి పేటెంటుకు అర్హమయ్యే అవకాశం ఉంది. ముందు సంతలో ప్రదర్శించి తరువాత అర్జీ పెడితే కొత్తదనం పోయినట్లే గనుక, అర్జీ ముందు, ప్రదర్శన తరువాత అన్న క్రమాన్ని తప్పకూడదు.

నేడు పేటెంటు గడువు 20 ఏళ్ళు. ఆన్‌లైనులో అర్జీకి ఒక వ్యక్తి చెల్లించవలసిన ప్రాథమిక రుసుము 1,600 రూపాయలు. విద్యాసంస్థలకు 2021 నుంచి రుసుములో 80 శాతం రాయితీ ఉంది. తాత్కాలిక వివరణతో అర్జీ వేసి, పూర్తి వివరణను 12 నెలలలోగా సమర్పించవచ్చు. ఆంధ్రప్రదేశ్ అర్జీలను చూసే కార్యాలయం చెన్నైలో ఉంది. వలసకాలపు అడ్డంకులలో ఒకటి మాత్రం ఇంకా మిగిలి ఉంది: అర్జీ గాని వివరణ గాని హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి, తెలుగులో రాసినది చెల్లదు. కనుక ఈ రోజు పట్టా అందుకుంటున్న ప్రతి యువతీ యువకుడూ రాబోయే కోతల కాలానికి ముందే తన ఊరి కమ్మరి కొలిమి దగ్గరో బొమ్మల కళాకారుడి అరుగు మీదో కూర్చుని, ఆ చేతులు కనిపెట్టిన దానిని ఒక్కదానినైనా కొలతలతో, బొమ్మలతో రాసి ఇవ్వాలి. అర్జీలో ఆవిష్కర్త పేరు రాసే చోట ఆ కమ్మరి పేరే, ఆ కళాకారుడి పేరే రాయాలి.