బాలిద్వీపము: మడిగట్లపై బాటసారి



ఇండోనేషియాలోని బాలిద్వీపమునకు మూట వీపున గట్టుకొని కాలినడకన తిరుగు యువకులు పలుదేశములనుండి వత్తురు. వారు కూటా ఇసుకతీరమును, కడలిబండపై నిలిచిన తనాలోట్ దేవాలయమును జూచి, జతిలువి కొండవాలున మెట్లుమెట్లుగా దిగు వరిమడుల గట్లపై నడతురు. ఆ పచ్చదనమును ప్రకృతి శోభయని మురియుదురు. కాని దానిని నిలిపినది రైతుల ఒడంబడిక.

ఒక కాలువక్రింది రైతుల సంఘమునకు ‘సుబక్’ అని పేరు. 11వ శతాబ్ది శాసనములలోనే దాని ప్రసక్తి కలదు. ఏ మడికి నీరెప్పుడు విడువవలెనో, ఊడ్పులెప్పుడో సంఘమే నిర్ణయించును. సుబక్కులకు గుళ్లు గలవు. బతూరు సరస్సున వెలసిన దేవీ దనును జలదేవతగా గొలుతురు.

1970 దశకమున క్రొత్త వంగడములు వచ్చెను. వంతులు విడిచి ఎడతెగక నాటుడని ప్రభుత్వము ప్రోత్సహించెను. నీటికి కటకటయయ్యెను, పురుగు పెచ్చుపెరిగెను. ఇరుగుపొరుగు పొలములు ఒక్కమారు కోసి బీడు విడిచిననే పురుగునకు తిండి దొరకదు. ఆ మేలు పాతవంతులలో నిమిడియున్నదని స్టీఫెన్ లాన్సింగ్ అను మానవశాస్త్రజ్ఞుడు నిరూపించెను. రైతులు మరల వంతులకు వచ్చిరి. 2012లో యునెస్కో సుబక్ పద్ధతిని ప్రపంచ వారసత్వముగా గుర్తించెను.

నేడు ఆ మడులను జూడవచ్చువారికై కట్టు విడిదులే మడులను మ్రింగుచున్నవి. నీటిలో పాలు కోరుచున్నవి. గట్టుపై నడచు బాటసారి తానును ఆ నీటివంతులో నొకడనని తెలియవలెను. ఎగువవాడు తన తూము మూసిననే దిగువవాని మడి తడియును.